తొమ్మిదో నెంబరు టేపు

చీఫ్ ఇవాబుచి నూడుల్స్ తింటూ మనుషుల్ని చావుకి పంపుతాడు. ఇరవై రెండేళ్లుగా అదే అలవాటు. ఆ రోజు మాత్రం ఏజెంట్ సావతారిని కిటికీ పక్కకి పంపాడు.

1983 ఏప్రిల్. ఒసాకా స్టేషన్లో నిలబడి తినే నూడుల్స్ కొట్టు. సావతారి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈ ఏడు ఆయు చేపలు బక్కగా ఉన్నాయి," అన్నాడు చీఫ్, గిన్నెలోంచి తల ఎత్తకుండా.

"కామో నదే బక్కగా ఉంది."

కోడ్ సరిపోయింది. ఇన్నేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూస్తున్నా కోడ్ చెప్పందే చీఫ్ నోరు విప్పడు.

"మినోయా కంపెనీ తెలుసా?"

"పేకముక్కలు."

"అది మీ తాత కాలంలో. క్యోటోలో, ఫుషిమిలో పుట్టింది. పూలపేక చేసేవాళ్లు. జూదగాళ్లు కొనేవాళ్లు. ప్రతి ఆటకీ కొత్త పేక కావాలి జూదగాడికి, అందుకని బతికారు. యుద్ధం తర్వాత పేక తగ్గింది. పొడి సూపు అమ్మారు, ఎవడూ తాగలేదు. పిల్లల తోపుడుబళ్లు చేశారు, చక్రాలు ఊడాయి. తర్వాత బొమ్మ తుపాకులు. తర్వాత నాణెం వేసి ఆడే యంత్రాలు. అది ఒక్కటే నడిచింది. ఇప్పుడు ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడే పెట్టె చేస్తున్నారు. ఉన్నదంతా దాని మీదే పెట్టారు. పేక అచ్చువేసే పాత షెడ్డు కూడా తాకట్టు పెట్టారు."

"అయితే?"

"వోస్ అని ఒకడు. వాడిది ఏ దేశమో వాడి మూడు పాస్‌పోర్టులకీ తెలీదు. విదేశాల్లో ఆటల కంపెనీలు కుప్పకూలితే ఆ కుప్పలో ఏరుకుని పెద్దవాడయ్యాడు. ఇప్పుడు మినోయా కావాలి వాడికి. కొనడానికి కాదు, చచ్చాక ఏరుకోవడానికి."

చీఫ్ పులుసు తాగి గిన్నె దించాడు. ప్లాన్ చిన్నదే. ఆటల పెట్టెలో ఉండే చిప్‌కి ఒక మాస్టర్ టేపు ఉంటుంది. చిప్ ఫ్యాక్టరీ ఆ టేపుని బట్టే అచ్చు తయారుచేస్తుంది. వోస్ మనుషులు ఆ టేపు మార్చేస్తారు. మారిన చిప్ నలభై గంటలు బాగానే పనిచేస్తుంది. తర్వాత తెర బిగుసుకుపోతుంది. మళ్లీ కదలదు.

"కొత్త సంవత్సరం సెలవుల్లో లక్షల ఇళ్లల్లో ఒకేసారి," అన్నాడు సావతారి.

"పిల్లలు ఏడుస్తారు. ఫిబ్రవరికి మినోయా ఉండదు. మూడు వందల పన్నెండు మంది రోడ్డు మీద ఉంటారు. చిప్ గీసిన ఇంజనీరు కురోయివా అని ఉన్నాడు. తప్పంతా అతని నెత్తిన పడుతుంది. ఈ జన్మలో మళ్లీ తల ఎత్తుకోలేడు."

"నా వేషం?"

"కిటికీ మనిషివి."

సావతారి చేతిలో నూడుల్స్ తినే పుల్లలు ఆగాయి.

"ప్రతి కంపెనీలో ఒకడుంటాడు కదయ్యా. తీసెయ్యలేరు, పని ఇవ్వలేరు. కిటికీ పక్కన బల్ల వేసి కూర్చోబెడతారు. వాడివైపు ఎవడూ చూడడు. వాడు ఏం చూసినా ఎవడికీ పట్టదు. అంతకన్నా మంచి వేషం ఉంటే చెప్పు."

"నేను కదులుతున్న ఓడ మీంచి దూకినవాణ్ణి చీఫ్."

"ఇప్పుడు కుర్చీ మీంచి లేవకుండా ఉండు. నీ పేరు ఒగినో. మినోయా కొనేసిన అచ్చాఫీసు నుంచి వచ్చావు. లోపల మన మనిషి ఒకామె ఉంది, మికాగే రేయ్‌కో. డెవలప్‌మెంట్ విభాగంలో సెక్రటరీ. వోస్ ఆమె తన మనిషే అనుకుంటున్నాడు."

"మనం?"

"మనమూ అదే అనుకుంటున్నాం, మన మనిషని."

"తుపాకీ?"

"దానికి అయిదు సంతకాలు కావాలి. మూడే వచ్చాయి."

తుపాకీ బదులు అరచేతిలో పట్టే చేపల ఆట ఇచ్చాడు. మినోయా సరుకే. లోపల రిసీవర్ పెట్టారు. తెర మీద ఎన్ని చేపలు పడితే అన్ని గంటలకి ఫోన్ చెయ్యాలి. రెండో వారానికే దాని బ్యాటరీ అయిపోయింది. కొత్త బ్యాటరీకి దరఖాస్తు పెట్టాడు. రాలేదు.

*

మూడు నెలలు కూర్చున్నాడు.

కిటికీలోంచి పెంకుల గోడ కనబడేది. గోడ మీద ఒక తీగ. ఏప్రిల్‌లో నాలుగు ఆకులు, జూన్‌కి పదకొండు. అతను లెక్కపెట్టాడు, ఇంకేం చేస్తాడు. టీ తెచ్చే ఆమె అతని బల్ల దగ్గరికి వచ్చేసరికి మలుపు తిరిగిపోయేది. పొద్దున్నే అందరూ వరసల్లో నిలబడి వ్యాయామం చేసేటప్పుడు అతని రెండు పక్కలా ఒక్కో మనిషి పట్టేంత ఖాళీ ఉండేది. "గుడ్ మార్నింగ్ ఒగినో గారూ" అనేవాడు ఒకే ఒక్కడు, ఇంజనీరు కురోయివా. రాత్రంతా ల్యాబ్‌లో బల్ల కింద పడుకుని, చెంప మీద చాప గీతలతో బయటికొచ్చి, కళ్లు నలుపుకుంటూ ఆ మాట అనేవాడు. ఎవరికి చెబుతున్నాడో అతనికీ తెలిసేది కాదేమో. అయినా చెప్పేవాడు.

సావతారికి ఇచ్చిన పని ఒకటే. అనుమతి కాగితాల నకళ్లు బీరువాలో పెట్టడం.

మినోయాలో పెన్సిల్ కొనాలన్నా, మిషను కొనాలన్నా ఒక కాగితం పుడుతుంది. గుమాస్తా దగ్గర మొదలై మేనేజింగ్ డైరెక్టర్ దాకా ఏడు బల్లలు తిరుగుతుంది. ఏడుగురూ తమ పేరు చెక్కిన ముద్ర ఎర్రసిరాలో ముంచి వేస్తారు. ఏడు గుండ్రటి ముద్రలు వరసగా, పెద్దవాడిది ఎడమ కొసన. ఈ ముద్రలు చూసీ చూసీ సావతారికి ఒక సంగతి తెలిసింది. ఏ ఒక్కడూ తన ముద్ర నిటారుగా వెయ్యడు. లోపలి పేరు ఎడమవైపుకి కొంచెం వాలేలా వంచి వేస్తాడు, పక్కనున్న పై అధికారి ముద్రకి వంగి దండం పెట్టినట్టు. గుమాస్తాది బాగా వంగుతుంది. విభాగాధిపతిది కాస్త తక్కువ. మేనేజింగ్ డైరెక్టర్ ముద్ర ఒక్కటే నిటారుగా నిలబడుతుంది. ఎవరూ ఎవరికీ నేర్పరు. ఎవరూ దాని గురించి మాట్లాడరు.

వెన్నెముక లేని మనుషులు, అనుకున్నాడు సావతారి. బీరువా మూశాడు.

మికాగే రేయ్‌కో వారానికోసారి మేడ మీద కలిసేది. మీగడ రంగు సూటు, సన్నటి సిగరెట్టు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. నాలుగు దేశాల రాజధానుల్లో పెరిగింది. ఇరవై మూడో ఏట జపాన్ వచ్చింది. ఆమె మెట్లు దిగుతుంటే అకౌంట్స్ విభాగం మొత్తం కూడికలు మరిచిపోయేది.

"ఇంకా నేలలోకి వేళ్లు దిగలేదా మీ కుర్చీకి?" అనేది.

"టేపు సంగతి చెప్పు."

"వోస్ ఇంకా తయారుచెయ్యలేదు. ఆగస్టు దాకా ఏమీ జరగదు. హాయిగా కూర్చోండి ఒగినో గారూ. మీ తీగకి ఇంకో ఆకు వచ్చినట్టుంది, చూసుకోండి."

అతను నమ్మాడు. ఆ సంగతి తర్వాత తనని తాను క్షమించుకోలేదు.

*

జూలై ఎనిమిది, శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ గోడని కాల్చేస్తోంది. ఎక్కడో పండగ ఊరేగింపు బళ్ల మీద గంటలు మోగించడం ప్రాక్టీసు చేస్తున్నారు.

నకళ్ల ట్రేలో ఒక కాగితం ఉంది. "చిప్ ఫ్యాక్టరీకి పంపవలసినది ఏడో నెంబరు టేపు కాదు, తొమ్మిదో నెంబరు టేపు. నేటి మధ్యాహ్నం మూడు గంటలకి మికాగే రేయ్‌కో తీసుకువెళ్లును." కింద ఏడు ముద్రలు.

ఏడూ నిటారుగా ఉన్నాయి. సిపాయిల్లా.

మేనేజింగ్ డైరెక్టర్ సరే, మిగతా ఆరుగురిలో ఒక్కడూ వంగలేదు. ఇది మినోయాలో ఎవడూ చేసింది కాదు. ముద్రలు దొంగగా చెక్కించి, చక్కగా, స్కేలు పెట్టి కొట్టినట్టు కొట్టిన చెయ్యి ఇది. నాలుగు రాజధానుల్లో పెరిగిన చెయ్యి. ముద్రలు వంగుతాయని ఆ చేతికి ఎవరూ చెప్పలేదు.

మూడు నెలల్లో మొదటిసారి సావతారి ఒక పని మీద కుర్చీలోంచి లేచాడు.

వరండాలో ఫోన్. చీఫ్ దొరకడానికి పావుగంట పట్టింది.

"రేయ్‌కో వోస్ వైపు తిరిగిపోయింది. టేపు మార్చింది. మూడింటికి తీసుకుపోతుంది."

"ఋజువు?"

"ముద్రలు నిటారుగా ఉన్నాయి."

"దీన్ని నేను ఫైల్లో రాయాలా?"

"చీఫ్, మినోయా ప్రెసిడెంటుకి ఫోన్ చెయ్యండి."

"కుదరదు. లోపల పెద్దవాడొకడు వోస్ మనిషి, వాడెవడో ఇంకా తేలలేదు. నువ్వు బయటపడ్డావంటే వాడు జారిపోతాడు. నీ అసలు పేరు చెప్పకు. చెయ్యి చేసుకోకు. టేపు మాత్రం ఆపు."

"ఎలా ఆపను?"

"ఒగినో ఎలా ఆపుతాడో అలా."

ఫోన్ పెట్టేశాడు. ఒగినో ఏదీ ఆపలేడు. ఒగినోని తయారుచేసిందే అందుకు.

విభాగాధిపతి హట్టా బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. హట్టా తల ఎత్తడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"ఏంటి?"

"ఈ కాగితం దొంగది. టేపు వెళ్లకుండా ఆపాలి."

"నీ పనేంటి ఒగినో?"

"నకళ్లు బీరువాలో పెట్టడం."

"పెట్టావా?"

"ఇంకా లేదు."

"మరి పెట్టు. ఆపాలంటే ఆపమని కాగితం పుట్టాలి. దానికి ఏడు ముద్రలు పడాలి. నలుగురు ఊళ్లో లేరు. ఒకాయన పళ్ల డాక్టర్ దగ్గరున్నాడు. ఇక కూర్చో."

"ఇది మీ ముద్రేనా, చూడండి."

హట్టా చూశాడు. "నాదే."

"మీరే వేశారా?"

"రోజుకి అరవై వేస్తాను. గుర్తుంటుందా?"

"ఇది నిటారుగా ఉంది హట్టా గారూ."

హట్టా మళ్లీ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అటూ ఇటూ చూసి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో దోపి తాళం వేశాడు.

"ఇంకెవరికైనా చూపించావా?" గొంతు తగ్గించాడు. "చూపించకు బాబూ. ఏదో తొందరలో పడ్డట్టుంది. మేనేజింగ్ డైరెక్టర్ పక్కన నిటారుగా... ఛ. సోమవారం వెళ్లి క్షమాపణ చెప్పుకుంటాను."

దొంగ ముద్ర అని చెబితే ఆ మనిషి తన తప్పనుకున్నాడు. సావతారి చేతిలో ఉన్న ఒక్క ఋజువూ పోయింది.

ల్యాబ్‌కి పరుగెత్తాడు. కురోయివా ఇందాకటి రైల్లో చిప్ ఫ్యాక్టరీకి బయల్దేరాడు, టేపు అక్కడ అందుకోడానికి. అతని అసిస్టెంటు తలుపు సగమే తీశాడు.

"తొమ్మిదో నెంబరు టేపు తెరిచి చూడండి," అన్నాడు సావతారి.

"సీలు వేసిన పెట్టె. కురోయివా గారు చెప్పందే తెరవకూడదు."

"ఆయనకి ఫోన్ చెయ్యండి."

"రైల్లో ఉన్నవాళ్లకి ఫోన్ ఎలా చేస్తారండీ? అయినా మీరెవరు?"

"ఒగినో."

"ఏ విభాగం?"

సావతారి జవాబు చెప్పేలోపే ఆ కుర్రాడికి గుర్తొచ్చింది. మొహంలో జాలి కనబడింది. "ఓ. కిటికీ ఒగినో గారా. ఎండగా ఉంది, నీడపట్టున కూర్చోండి," అని తలుపు మూశాడు.

ఓడ మీంచి దూకాడు. సరిహద్దులు దాటాడు. రెండు బుల్లెట్లు ఒంట్లోంచి తీయించుకున్నాడు. ఇక్కడ ఒక తలుపు దాటలేకపోయాడు. టైము రెండూ యాభై.

*

గేటు దగ్గర నల్లకారు ఇంజను ఆడుతోంది. వెనకసీట్లో మికాగే రేయ్‌కో, ఒళ్లో చెక్కపెట్టె. గార్డు కామేయి చీటీ రాస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్లు. పదమూడో ఏట మినోయాలో పేకముక్కలు కోసే పనిలో చేరాడు. ఇప్పుడు గేటు కాస్తున్నాడు. ఈ గేటు దాటి చీపురుపుల్ల పోవాలన్నా అతని ముద్ర పడాలి. కంపెనీలో అందరికన్నా చిన్న ముద్ర అది.

సావతారి కారు ముందు నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది.

రేయ్‌కో అద్దం దించింది. ఒక్క క్షణం ఆమె కళ్లల్లో ఏదో కదిలింది. వెంటనే నవ్వింది.

"అయ్యో, ఒగినో గారు లేచారే! తాతా, ఈయనకి ఎండదెబ్బ తగిలినట్టుంది. లోపలికి తీసుకెళ్లండి. మూడున్నర రైలు అందుకోవాలి నేను."

"కామేయి గారూ, ఆ పెట్టెలో టేపు మంచిది కాదు. అది వెళ్తే కొత్త యంత్రాలన్నీ పాడవుతాయి. కంపెనీ ఉండదు," అన్నాడు సావతారి.

"టేపులు నీకేం తెలుసు అబ్బాయ్?"

"తెలుసు."

"నువ్వు కిటికీ దగ్గర కూర్చుంటావు కదూ?"

"అవును."

"అక్కణ్ణుంచి టేపులు కనబడతాయా?" కామేయి ముద్ర సిరాలో ముంచాడు. "పో నాయనా. చల్లటి బార్లీనీళ్లు తాగి కూర్చో. మూడు వందల మంది పనిచేస్తున్నారు లోపల. ఏదన్నా తేడా ఉంటే వాళ్లకి తెలీదూ?"

"అలా చెప్పండి తాతా," అంది రేయ్‌కో.

ముద్ర కాగితం పైకి వెళ్లింది. వేలెడు దూరం ఉంది.

సావతారి ఇక నిజం చెప్పడం మానేశాడు. రెండు గంటలుగా నిజం చెప్పీ చెప్పీ విసిగిపోయాడు.

"వెయ్యండి కామేయి గారూ," అన్నాడు. "ఈ కంపెనీలో మర్యాద ఎలాగూ పోయింది. మీరొక్కరే ఎందుకు మిగలాలి?"

కామేయి చెయ్యి ఆగింది. "ఏమన్నావ్?"

"అనుమతి కాగితం మీ చేతిలోనే ఉంది. పైన ముద్రలు చూడండి."

ముసలాయన ముద్ర పక్కన పెట్టాడు. జేబులోంచి కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. కాగితం మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. కుడి నుంచి ఎడమకి ఒక్కొక్క ముద్రా చూశాడు. మొదట నోరు తెరిచాడు. తర్వాత మొహం రాయి అయిపోయింది.

"హట్టా," అన్నాడు మెల్లగా. "హట్టా గాడు నిటారుగా నిలబడ్డాడు. వాడు ఉద్యోగంలో చేరినరోజు చెప్పులు ఎక్కడ విడవాలో నేర్పింది నేను. వాడి కింద గుమాస్తా కూడా నిటారుగా నిలబడ్డాడు. మేనేజింగ్ డైరెక్టర్ గారి పక్కన!"

"ఏంటి తాతా? ముద్రలన్నీ స్పష్టంగానే ఉన్నాయి కదా," అంది రేయ్‌కో. ఆమెకి నిజంగానే అర్థం కాలేదు.

"స్పష్టంగానే ఉన్నాయమ్మా. ఛాతీ విరుచుకుని ఉన్నాయి. యాభై అయిదేళ్లలో ఇలాంటి కాగితం ఈ గేటు దాటలేదు. ఇప్పుడూ దాటదు."

"రైలు వెళ్లిపోతుంది!"

"వెళ్లనీ. ఏడుగురూ వచ్చి మళ్లీ వెయ్యాలి, పద్ధతిగా."

"దీని మీద కంపెనీ భవిష్యత్తు ఆధారపడి ఉంది తాతా!"

"అతను కూడా అదే అన్నాడు," అన్నాడు కామేయి. "నాకు మీ ఇద్దరి గొడవా అనవసరం. ఈ కాగితం చెల్లదు. ఇది చెల్లకపోతే పాత కాగితమే చెల్లుతుంది. పాతదాంట్లో ఏడో నెంబరు టేపు అని ఉంది, నేనే చూశాను."

కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆమె ఒళ్లోంచి చెక్కపెట్టె తీసుకున్నాడు. గేటుగదిలో ఫోన్ ఎత్తి ల్యాబ్‌కి చేశాడు. ఐదు నిమిషాల్లో అసిస్టెంటు ల్యాబ్ లోపల వేసుకునే చెప్పులతోనే పరుగెత్తుకొచ్చాడు, ఏడో నెంబరు టేపుతో. గేటు గార్డు మాటకి ఎదురు చెప్పాలని అతనికి తోచలేదు. కామేయి పాత కాగితంలో ముద్రలు చూశాడు. మేనేజింగ్ డైరెక్టర్ గారిది తప్ప ఆరూ చక్కగా వంగి ఉన్నాయి. తన ముద్ర వేశాడు, అన్నిటికన్నా ఎక్కువ వంచి.

కారు అసిస్టెంటుని ఎక్కించుకుని వెళ్లింది. రైలు తలుపులు మూసుకుంటుండగా ఎక్కాడని తర్వాత తెలిసింది.

రేయ్‌కో అంతకుముందే కారు దిగింది. టోపీ సర్దుకుంది. సావతారి పక్కనుంచి నడుస్తూ ఆగింది.

"ఏం చూపించారు ఆయనకి?"

"చెప్పినా నీకు అర్థం కాదు."

ఆమె గేటు దాటింది. సావతారి వెంటపడ్డాడు. కామేయి అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడికి?"

"ఆమెని పట్టుకోవాలి!"

"పనివేళ. బయటికెళ్లడానికి ఆమెకి వేరే చీటీ ఉంది. నీకుందా?"

"కామేయి గారూ, ఆమె దొంగ!"

"కావచ్చు. నీకు చీటీ ఉందా?"

మీగడ రంగు సూటు వీధి మలుపులో మాయమైంది. ముసలాయన వేళ్లు ఇనుప పట్కారులా ఉన్నాయి. పేకముక్కలు కోసిన వేళ్లు.

*

"ఇతామి ఎయిర్‌పోర్టులో పట్టుకున్నాం. రెండు గంటలు కూర్చోబెట్టాం. పైనుంచి ఫోన్ వచ్చింది. వదిలేశాం," అన్నాడు చీఫ్, నూడుల్స్ కొట్టులో.

"ఎందుకు?"

"పైనుంచి ఫోన్ వచ్చినప్పుడు ఎందుకని అడగరు. ఫస్ట్‌క్లాసులో వెళ్లింది."

సావతారి గిన్నె ముట్టుకోలేదు.

"లోపలి పెద్దవాడు దొరికాడా?"

"లేదు. అందుకే నువ్వు సెప్టెంబరు దాకా అక్కడే ఉంటావు."

మినోయాలో విచారణ జరిగింది. ఏడుగురు అధికారులని పిలిచి నిటారు ముద్రల గురించి అడిగారు. ఇది నా ముద్ర కాదు అని ఒక్కడూ అనలేదు. ఏడుగురూ లేచి నిలబడి క్షమాపణ చెప్పారు. ఎనిమిదోవాడిగా కామేయిని పిలిచి, గేటు దగ్గర చూపిన శ్రద్ధకి పాతకాలపు పూలపేక ఒకటి బహుమతి ఇచ్చారు. యంత్రం అనుకున్న రోజుకే వచ్చింది. మొదటి వారంలోనే దుకాణాల్లో అయిపోయింది. చాలా ఏళ్లకి అచ్చయిన కంపెనీ చరిత్రలో ఆ రోజు గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: "మాస్టర్ టేపు సకాలంలో పంపబడెను." కురోయివాకి ఏమీ తెలీదు. చెంప మీద చాప గీతలతో వచ్చి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు.

తర్వాతి సోమవారం సావతారి బల్ల మీద ఒక నోటీసు ఉంది. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఒగినో తన సీట్లో లేడు. కారణం రాసివ్వాలి.

చాలాసేపు కిటికీలోంచి చూశాడు. నిజం రాయడానికి వీల్లేదు. అబద్ధం ఆలోచించే ఓపిక లేదు. "కడుపునొప్పి" అని రాసి హట్టా ట్రేలో పడేశాడు.

భోజనం చేసి వచ్చేసరికి బల్ల మీద గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లు, పక్కన కడుపునొప్పి మాత్రల పొట్లం ఉన్నాయి. హట్టా మొదటిసారి తనంతట తాను తల ఎత్తి, "పాపం, తగ్గిందా?" అని అడిగాడు. టీ తెచ్చే ఆమె కూడా ఆగి చూసింది.

మూడు నెలల్లో ఆ కంపెనీలో జనం అతని మాట నమ్మడం అదే మొదలు.